నట్టు కింద నల్లరంగు

"చక్రం వేడిగా ఉన్నప్పుడు నీళ్ళు పోస్తావా?"

"పొయ్యను సార్."

"ఎందుకని?"

"కాలిన రిమ్ము మీద చన్నీళ్ళు పడితే మరకలు కట్టుకుపోతాయి. నీడలో ఆపి, చేత్తో తాకి చూసి, చల్లారాకే కడుగుతా. ముందు ఉత్త నీళ్ళు. ఇసుక పోవాలి కదా. ఇసుక మీద గుడ్డ పెట్టి రుద్దితే మన గీతలు మనమే గీసుకున్నట్టు. ఆ తర్వాత పల్చటి సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ. యాసిడ్ గీసిడ్ దగ్గరికి రానివ్వను. ఆఖర్న మైనం పూత."

"లోపలి వైపు?"

"లోపల కూడా కడగాలి సార్. బ్రేకు పొడి చేరేది అక్కడే. బయట మెరిపించి లోపల వదిలేస్తే, స్నానం మానేసి సెంటు కొట్టుకున్నట్టు."

లాకప్పులో గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి రెండు రోజుల తర్వాత ఇన్ని మాటలు మాట్లాడడం ఇదే మొదలు. ముసలాయన అందుకే చక్రాలతో మొదలుపెట్టాడు. భార్య గురించి అడిగితే ఏడుస్తాడు, కేసు గురించి అడిగితే నోరు కుట్టేసుకుంటాడు. పికప్ బండి నల్లచక్రాల గురించి అడిగితే మాత్రం లాకప్పులో ఉన్న సంగతే మర్చిపోతాడు. సామాన్ల కొట్లకి మంచాలూ బీరువాలూ చేరవేసే ఈ డ్రైవర్ని ఊళ్ళో అందరూ 'నల్లచక్రాలు' అనే పిలుస్తారు. కన్నతల్లి పెట్టిన పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

ముసలాయన పోలీసు శాఖలో రోడ్డు ప్రమాదాల కేసులు చూసి చూసి రిటైరైనవాడు. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేస్తున్నాడు. ఈ కేసు అతనికి ఎవరూ అప్పగించలేదు. తనంతట తనే వచ్చాడు.

ముసలాయన భార్య ఆఖరి రోజుల్లో అంబులెన్సు ఎక్కనని మొండికేసింది. "పడుకోబెట్టి తీసుకెళ్తే పోయినదాన్ని తీసుకెళ్తున్నట్టుంటుంది. నేను కూర్చునే వస్తా," అంది. టాక్సీ వాళ్ళు ఆమె వాంతులు చూసి మొహం తిప్పుకున్నారు. ఇరుగుపొరుగు వాళ్ళకి సరిగ్గా ఆ వేళకే పనులు తగిలేవి. ఈ డ్రైవరు మాత్రం పికప్ ముందు సీట్లో దిండ్లు పేర్చి, కుదుపు తగలకుండా టైర్లలో గాలి కాస్త తగ్గించి, ప్రతి గతుకు దగ్గరా బండిని నడిపించినట్టుగా కాకుండా చేయి పట్టుకుని దాటించినట్టుగా దాటించేవాడు. పిలిచిన ప్రతిసారీ వచ్చాడు. పిలవని రోజు కూడా వచ్చి, "అమ్మగారికి ఎలా ఉంది?" అని అడిగి పోయేవాడు.

ముసలాయన ఆలస్యం చేసిన డాక్టర్లని క్షమించలేదు. చివరిచూపుకి రాని చుట్టాలని క్షమించలేదు. రాత్రి కునుకు తీసినందుకు తనని తను కూడా క్షమించుకోలేదు. లోకం మొత్తం మీద అతను దణ్ణం పెట్టదలుచుకున్న మనిషి ఒక్కడే. ఆ మనిషి ఇప్పుడు ఊచల వెనక కూర్చున్నాడు.

"మొన్న తెల్లవారుజామున బండి ఎక్కడుంది?" ముసలాయన హఠాత్తుగా అడిగాడు.

డ్రైవరు కళ్ళు వాలిపోయాయి. "ఇంటి ముందే ఉంది సార్."

"ఎవరైనా చూశారా?"

"ఆ వేళప్పుడు ఎవరు చూస్తారు?"

"ఎడమ పక్క ముందు చక్రం గీరుకుపోయింది. ఎప్పుడు గీరుకుంది?"

"తెలీదు సార్."

"తెలీదా?"

"తెలీదు."

ముసలాయన లేచి నిలబడ్డాడు. ఆసుపత్రి బయట ఆగిన ప్రతిసారీ చక్రాల చుట్టూ ప్రదక్షిణం చేసి, చీమ పాకిన జాడ కూడా వెతికే మనిషి ఇతను. జానెడు పొడుగున గీరుకుపోతే తెలీదా? ఈ మనిషికి అబద్ధం చెప్పడం రాదు. వచ్చిన ఒక్క అబద్ధాన్నీ ఎవరి కోసమో దాచిపెట్టి వాడుకుంటున్నాడు.

"గురువుగారూ, అయిందా మీ చక్రాల పాఠం?" వెనకనుంచి ఇన్స్పెక్టర్ గొంతు వినిపించింది. ఒకప్పుడు ముసలాయన కింద పని నేర్చుకున్నవాడే. ఆ గురుత్వం కొద్దీ లోపలికి రానిచ్చాడు. రానిచ్చినందుకు మాటకి ఒకసారి దెప్పుతున్నాడు. "సాయంత్రం కోర్టులో హాజరు పెడుతున్నాం. మీరెంత సేపు మాట్లాడినా వీడు జైలుకి పోవడం ఖాయం."

"నీ దగ్గరున్న సాక్ష్యం మళ్ళీ ఒకసారి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలి? మొన్న తెల్లవారుజామున రాతి బండల గోడౌను గేటు దగ్గర వాచ్‌మన్‌ని బండి గుద్ది ఆగకుండా పోయింది. వాచ్‌మన్ ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడున్నాడు. గేటు సిమెంటు స్తంభానికి నల్లరంగు అంటుకుంది. అదే ఎత్తులో వీడి చక్రానికి గీత ఉంది. ఇంకేం కావాలి, బండి వచ్చి కోర్టులో సాక్ష్యం చెప్పాలా?"

"చెప్పిద్దాం. పద, యార్డులోకి."

"మీకు వీడంటే అభిమానం. అమ్మగారిని మోసుకెళ్ళాడని..."

"అమ్మగారి ఊసు ఎత్తకు." ముసలాయన గొంతు పెంచలేదు. ఇన్స్పెక్టర్ మాత్రం నోరు మూసుకున్నాడు. ఆమె చేతి అన్నం తిన్నవాడే అతను కూడా. చూడ్డానికి ఒక్కసారి కూడా రాలేదు.

యార్డులో ఎండ మాడ్చేస్తోంది. పట్టుబడిన బళ్ళ మధ్య పికప్ నిలబడి ఉంది. బండి మొహం పాతబడింది గానీ చక్రాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ముసలాయన సంచిలోంచి రంగు కరిగించే థిన్నరు సీసా, తెల్ల గుడ్డముక్కలు, చక్రాల పానా తీసి నేల మీద పెట్టాడు. ఇన్స్పెక్టర్ చేతులు కట్టుకుని నిలబడి నవ్వాడు.

"రిటైరయ్యాక మెకానిక్ షెడ్డు పెట్టారా?"

"నీకన్నా బాగానే నడుస్తుంది."

ముసలాయన గుడ్డకి థిన్నరు తడిపి వెనక చక్రాన్ని గట్టిగా రుద్దాడు. గుడ్డ తెల్లగానే ఉంది. రెండో వెనక చక్రం రుద్దాడు. తెల్లగానే ఉంది. కుడి ముందు చక్రమూ అంతే. ఎడమ ముందు చక్రం దగ్గరికి వచ్చి, గీతకి దూరంగా ఒక మూల రుద్దాడు. గుడ్డ నల్లబడింది. రిమ్ము మీద రూపాయి బిళ్ళంత మేర వెండి రంగు బయటపడింది.

ఇన్స్పెక్టర్ కట్టుకున్న చేతులు విప్పాడు.

"ఆ మూడూ పౌడర్ కోటింగ్," అన్నాడు ముసలాయన. "పొడి చల్లి, కొలిమిలో కాల్చి పట్టించిన రంగు. థిన్నరుకి లొంగదు. ఇది స్ప్రే డబ్బాతో కొట్టిన రంగు. నీ దగ్గర గేటు స్తంభం పెచ్చు ఉంది కదా, తెప్పించు."

కానిస్టేబుల్ కవరు తెచ్చాడు. పెచ్చు అంచున థిన్నరు గుడ్డ తగిలించగానే నల్లటి మరక గుడ్డకి అంటుకుంది.

"చూశారా!" ఇన్స్పెక్టర్ మొహం వెలిగింది. "స్తంభం మీదిదీ ఇదే రంగు. అంటే గుద్దింది ఈ చక్రమే. నాకే సాయం చేశారు గురువుగారూ, చాలా థాంక్స్."

"గుద్దింది ఈ చక్రమే. కాదన్నానా? ఈ చక్రం ఈ బండిది కాదంటున్నాను."

"పాత గీత ఏదో కప్పడానికి వీడే ఈ ఒక్కదానికీ డబ్బా రంగు కొట్టుకుని ఉండొచ్చు."

"పానా అందుకో."

ఇన్స్పెక్టర్ కదల్లేదు. ముసలాయనే మోకాళ్ళ మీద కూర్చుని మొదటి నట్టుకి పానా తగిలించాడు. అరచేత్తో నొక్కితేనే తిరిగింది. రెండోదీ అంతే. మూడో నట్టుకి పానా కూడా అక్కర్లేదు, వేళ్ళతోనే వచ్చేసింది. ముసలాయన ఆ నట్టుని ఇన్స్పెక్టర్ అరచేతిలో పెట్టాడు.

"దీని మొహం చూడు. నల్లరంగు నలిగి పిప్పి అయింది. రంగు వేసినవాడు నట్టు కూర్చునే గుంటలో కూడా దట్టంగా కొట్టేశాడు. బండి కదిలితే నట్టు కింద రంగు నలుగుతుంది. నలిగిన కొద్దీ నట్టు వదులవుతుంది. కాల్చే రంగు వేయించేటప్పుడు కూడా నట్టు గుంటలో రంగు పడకుండా మూత పెట్టి వేయించుకున్నాడు మనవాడు. ఆ మూడింటికీ చూడు, గుంట శుభ్రంగా ఉంటుంది. అంత జాగ్రత్త మనిషి ఈ ఒక్కదానికి ఈ పని చేస్తాడా?" ఆగి అడిగాడు, "ఈ బండిని ఇక్కడికి నడుపుకొచ్చింది ఎవరు?"

"నేనే."

"ఎంత స్పీడులో వచ్చావు?"

ఇన్స్పెక్టర్ చేతిలోని నట్టు వంక మరోసారి చూశాడు. "ఫ్లై ఓవర్ మీంచి వచ్చాను."

"నీ ఆయుష్షు గట్టిది. ఇంటికెళ్ళి మీ ఆవిడకి చెప్పు."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

జాకీ ఎత్తి చక్రం ఊడదీశారు. ముసలాయన దాన్ని వెల్లకిలా పడుకోబెట్టాడు. లోపలి అంచు చుట్టూ తెల్లటి మడ్డి గట్టిగా పట్టేసి ఉంది. గోరుతో గీకితే రాలలేదు. పానా మొనతో కొడితే పెచ్చుగా ఊడింది. కింద మళ్ళీ పొర, ఆ కింద ఇంకో పొర.

"పిండి కాదు. వాసన చూడకు, నములు. పళ్ళ కింద కరకరలాడుతుంది."

"వద్దులెండి. ఏంటిది?"

"బండలు కోసే మిషను కింద పారే రాతి బురద. తడిగా ఉన్నప్పుడు చక్రం లోపల చిమ్ముతుంది, ఎండాక సిమెంటైపోతుంది. ఒక్క రోజులో ఇన్ని పొరలు కట్టదు. ఈ చక్రం కోత షెడ్డులోకి రోజూ పోయి వస్తుంది. మనవాడు మోసేది మంచాలు. మంచాలు ఎవరైనా మిషను మీద కోస్తారా?"

ఇన్స్పెక్టర్ పెచ్చుని వేళ్ళ మధ్య నలుపుతూ ఉండిపోయాడు.

"గోడౌను యజమానికి పికప్ ఉందా?"

"ఉంది. ఇదే మోడలు." ఇన్స్పెక్టర్ గొంతు తగ్గింది. "నల్లచక్రాలే. నేను మొదటిరోజే చూశాను గురువుగారూ, అంత తెలివితక్కువవాణ్ణి కాదు. నాలుగూ బాగున్నాయి. ఒక్క గీత లేదు."

"నాలుగూ ఒకేలా ఉన్నాయా?"

ఇన్స్పెక్టర్ కళ్ళు చిట్లించి గుర్తు చేసుకున్నాడు. "ఒకటి... ఎడమ పక్క ముందుది... మిగతా వాటికన్నా బాగా మెరుస్తోంది. కొత్తగా కడిగారేమో అనుకున్నాను."

"కడిగిందే. ఇప్పుడు లాకప్పులో ఉన్నవాడు కడిగాడు."

ముసలాయన చేతుల మసి గుడ్డకి తుడుచుకున్నాడు.

"ఈ బండి గురించి నీకు చెప్పింది ఎవరు?" అడిగాడు ముసలాయన.

"యజమానే. టైర్ల కొట్టు సందులో గీరుకున్న చక్రంతో నల్లచక్రాల బండి ఉందని ఫోన్ చేశాడు. వెళ్ళేసరికి వీడు బండి పక్కన గొంతుక్కూచుని చక్రం వంకే చూస్తున్నాడు. అలాగే పట్టుకొచ్చాం."

ముసలాయనకి ఆ డ్రైవరు అబద్ధం ఎవరి కోసమో అప్పుడు అర్థమైంది. టైర్ల కొట్టు అతని బామ్మర్దిది. ఆ చక్రాల మీద తను కాక ఇంకొకరి చెయ్యి పడనిచ్చేదంటే ఆ బామ్మర్ది చెయ్యే.

లాకప్పు ముందుకి తిరిగొచ్చి ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"మొన్న రాత్రి బండి నీ ఇంటి ముందు లేదు. బామ్మర్ది కొట్లో ఉంది. అవునా?"

డ్రైవరు తల ఎత్తలేదు.

"ఏ టైరో గాలి దిగుతుంటే చూడమని వదిలొచ్చి ఉంటావు. పొద్దున వెళ్తే ముందు చక్రం గీరుకుని ఉంది. వాడెక్కడికో వెళ్ళాడు, అడుగుదామనుకునేలోపు పోలీసులు వచ్చారు. వాచ్‌మన్ సంగతి విన్నావు. వాడే బండి తీసుకెళ్ళి గుద్దేశాడని నీకు నువ్వే తేల్చేసుకున్నావు. నోరు మూసుకున్నావు."

"సార్, వదిలేయండి సార్." డ్రైవరు రెండు చేతులూ జోడించాడు. "మీరు నా కోసం వచ్చారు, చాలు. ఈ మేలు చచ్చేదాకా మర్చిపోను. వాడి జోలికి మాత్రం పోకండి. వాడి ఎడమ చేతికి మూడు వేళ్ళే ఉంటాయి, చూశారా? నేను లారీ కింద పడుకుని పని చేస్తుంటే జాకీ జారింది. నన్ను బయటికి లాగి వాడి రెండు వేళ్ళు అక్కడ వదిలేశాడు. నేనివాళ అన్నం తింటున్నానంటే, నా కూతురు 'నాన్నా' అంటోందంటే ఆ రెండు వేళ్ళ పుణ్యమే సార్. వాడి బదులు నేను పోతా. నాకేం బాధ లేదు."

"మీ ఆవిడకి తెలుసా?"

"బండి కొట్లో ఉందని తెలుసు. మొగుడి వైపు మాట్లాడితే తమ్ముడు పోతాడు, తమ్ముడి వైపు మాట్లాడితే మొగుడు పోతాడు. ఏడుస్తూ కూర్చుంది."

"ఇంత త్యాగం చేసేముందు ఆ చక్రాన్ని ఒకసారి గుడ్డ పెట్టి తుడిచి చూడాల్సిందిరా వెర్రినాగన్నా. అది నీ చక్రమే కాదు."

డ్రైవరు వెంటనే తల ఎత్తాడు.

ముసలాయన నట్టుని ఊచల్లోంచి అందించాడు. డ్రైవరు దాన్ని వెలుతురుకి తిప్పి, మొహాన నలిగిన రంగు చూసి, బొటనవేలితో గీకాడు. "నట్టు కింద రంగా?" అన్నాడు చివరికి, ఎవరో తల్లిని తిట్టినట్టు. తర్వాత అసలు సంగతి తలకెక్కింది. "అయితే... అయితే మావాడు గుద్దలేదా సార్?"

"గుద్దలేదు."

డ్రైవరు గోడకి జారగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తను బయటపడతాడా లేదా అని మాత్రం అడగలేదు. ఇన్స్పెక్టర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

బామ్మర్దిని వెతకడానికి ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. రెండు రోజులుగా పూటపూటకీ క్యారియర్ తెస్తున్నది అతనే. బయట బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. ముసలాయన ఎదురుగా నిలబడి ఒక్కటే అడిగాడు: "మీ బావ చక్రం తీసి గోడౌను యజమాని బండికి వేసింది నువ్వేనా?"

క్యారియర్ మూడు వేళ్ళ చేతిలోంచి జారి పడింది. అన్నం నేలపాలైంది.

"నేనే సార్." అతను వంగి నేల మీది అన్నం ఏరబోయాడు. "తెల్లారకముందే వచ్చి షట్టరు కొట్టాడు. గేటుకి రాసుకుంది, ఇంట్లో గొడవవుతుంది, అర్జెంటుగా మార్చమన్నాడు. ఆ వేళ కొత్త రిమ్ము ఎక్కడ దొరుకుతుంది? బావ బండి చూపించి, 'దీనిది తీసి నాకు వెయ్యి, నాది దీనికి తగిలించు, సాయంత్రానికి కొత్తది పంపిస్తా' అన్నాడు. ఎప్పట్నించో మాకు పనులిచ్చే మనిషి. కాదనలేకపోయా. బావ చూసి రెండు తిట్లు తిడతాడు, సాయంత్రం సర్దేద్దాం అనుకున్నా. టైరు ట్యూబు కోసం బజారుకెళ్ళొచ్చేసరికి బావని తీసుకుపోయారు."

"రెండు రోజులు ఎందుకు నోరు మెదపలేదు?" ఇన్స్పెక్టర్ గద్దించాడు.

"బెదిరించాడు సార్. 'మార్చింది నువ్వు, నీ చేతులే పడ్డాయి, నోరెత్తితే నువ్వూ లోపలికే. మీ బావకి పెద్ద లాయర్ని పెడతా, నెలలో బయటికొస్తాడు' అన్నాడు. నమ్మాను. నమ్మలేదు. ఏమో సార్. రోజూ క్యారియర్ తీసుకొస్తూ ఇవాళ చెప్పేద్దాం అనుకోవడం, బావ మొహం చూసి పారిపోవడం."

"మీ బావ కోసం ఒకసారి చెయ్యి అడ్డం పెట్టావు," అన్నాడు ముసలాయన. "ఈసారి నోరు విప్పలేకపోయావు."

ఆ మాటకి అతను దెబ్బ తిన్నవాడిలా తల దించుకున్నాడు. లోపల్నించి డ్రైవరు కేక వినిపించింది. "వాణ్ణేం అనకండి సార్! ఒరేయ్, ఏడవకురా! ఇంటికి పోదాం, అక్క చేత తిట్టిస్తా!"

ఇన్స్పెక్టర్ స్వయంగా తాళం తీశాడు. కాగితాల పని అయ్యేదాకా బయటి బెంచీ మీద కూర్చోమన్నాడు. ముసలాయన వైపు తిరిగి ఏదో అనబోయి, మాటలు వెతుక్కుని, "నా చేతుల మీదుగా తప్పు జరగనివ్వలేదు గురువుగారూ," అన్నాడు. ఈసారి ఆ పిలుపులో వెటకారం లేదు.

బెంచీ దగ్గర డ్రైవరు వంగి కాళ్ళు పట్టుకోబోతే ముసలాయన భుజాలు పట్టి లేపాడు. "నేను పెట్టాల్సిన దణ్ణం నువ్వు పెడతావేంటి?" అన్నాడు.

"యజమాని బండి పట్టుకోవాలి," అన్నాడు ఇన్స్పెక్టర్, జీపు తాళాలు అందుకుంటూ. "చక్రం దొరికితే చక్రం మార్చాడని రుజువవుతుంది. బండి నడిపింది తను కాదు, పనివాడంటాడు. ఎవరు నడిపారో చెప్పగలిగేది వాచ్‌మన్ ఒక్కడే. వాడికి స్పృహ వస్తే..."

"ఆసుపత్రికి ఫోన్ చెయ్."

ఇన్స్పెక్టర్ ఫోన్ కలిపి అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు. నర్సు హుషారుగా పలికింది.

"శుభవార్తండీ! ఇందాకే కళ్ళు తెరిచాడు. పెదాలు కూడా కదుపుతున్నాడు."

"పక్కన భార్య ఉందా అమ్మా?" ముసలాయన ముందుకి వంగాడు.

"పాపం రెండు రోజులుగా నిద్రే లేదండీ ఆవిడకి. గోడౌను యజమాని గారే కారిచ్చి ఇంటికి పంపించారు. ఎంత మంచాయనో! వేరే గదికి మార్పించారు, పళ్ళు తెచ్చారు. ఆవిడ ఆయన చేతులు కళ్ళకద్దుకుని వెళ్ళింది. ఇప్పుడాయనే పక్కన కూర్చున్నారు. కాసేపు ఎవర్నీ రానివ్వొద్దన్నారు."

"తలుపు తియ్యమ్మా!" ముసలాయన అరిచాడు. "వెంటనే ఆ గది తలుపు తియ్!"

చెప్పుల చప్పుడు దూరమైంది. గడియ కదిపిన శబ్దం. మళ్ళీ, మళ్ళీ. ఇన్స్పెక్టర్ అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు.

నర్సు గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి అందులో హుషారు లేదు.

"లోపల గడియ పెట్టుందండీ. పిలిస్తే పలకడం లేదు."